గుండె మారిస్తే... బండి అదేనా?

చూడ్డానికి తాతల కాలం నాటి బండిలా ఉండాలి. ఎక్కి కూర్చుంటే మాత్రం రయ్యిమని దూసుకుపోవాలి! పాత రూపమున్న మోటారు సైకిళ్లంటే పడిచచ్చేవాళ్ల కోరిక ఇదే. గుండ్రటి హెడ్‌లైటు, బొద్దుగా ఉండే ట్యాంకు, దాని మీద బంగారు రంగు గీతలు... వాటి జోలికి పోకూడదు. లోపలి ఇంజను మాత్రం మార్చేయాలి.

ఈ యావ నిన్నమొన్నటిది కాదు. 1950, 60ల్లో లండన్‌లోని ఏస్ కేఫ్ దగ్గర చేరే కుర్రకారుకు ఇదే పని. నార్టన్ ‘ఫెదర్‌బెడ్’ ఫ్రేము మలుపుల్లో నిలకడగా ఉంటుంది. ట్రయంఫ్ ఇంజనుకు ఊపెక్కువ. రెంటినీ కలిపేసి ‘ట్రైటన్’ అని పేరు పెట్టేశారు.

వాళ్లది వేగం గోల. మన దగ్గర లెక్క వేరు... లీటరుకు ఎన్ని కిలోమీటర్లిస్తుంది? ఆ లెక్కే బుల్లెట్‌లోకి డీజిల్ ఇంజనును తెచ్చింది. 325 సీసీ గ్రీవ్స్ లొంబార్డిని ఇంజనుతో కంపెనీయే డీజిల్ బుల్లెట్ అమ్మింది. ‘టారస్’ అన్నదీ దాని పేరే. శక్తి 6.5 హార్స్‌పవర్. అదే పెట్రోలు 350 అయితే 18! డీజిల్ బండి గంటకు 65 కిలోమీటర్లు దాటడమే గగనం. అయినా లీటరుకు 70 దాకా ఇస్తుందంటే రైతుకు అంతకన్నా ఏం కావాలి? ఉద్గారాల నిబంధనలు బిగుసుకోవడంతో 2000 ప్రాంతంలో దాని తయారీ ఆగిపోయింది.

తెనాలి దగ్గర ఓ పల్లెలో అలాంటి బండి ఒకటి పశువుల కొట్టంలో పడి ఉంది. కొన్న రైతు కాలం చేశాడు. పట్నంలో ఉద్యోగం చేసే కొడుక్కి దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని కోరిక. కాకపోతే నలభై స్పీడుకే ఒళ్లంతా ఊగిపోయే బండితో హైవే మీద ఎలా? పెట్రోలు ఇంజను వేయిద్దామనుకున్నాడు.

ఊళ్లో ముసలి మెకానిక్ బండి చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు. ‘‘పనేమీ కష్టం కాదబ్బాయ్. పాత బుల్లెట్టుకి ఇంజను వేరు, గేరుబాక్సు వేరు. మధ్యలో చైనేగా. ప్లేట్లు మార్చాలి, చైను వరస కుదరాలి, కార్బురేటరు, కాయిలు పెట్టాలి. కానీ బ్రేకుల సంగతి చూశావా? ఇవి ఆరున్నర గుర్రాలకి సరిపోయే డ్రమ్ములు. పద్దెనిమిది గుర్రాల్ని ఆపద్దా?’’ అన్నాడు.

నిజమే. పాత బుల్లెట్‌లో ఇంజను మోసే బరువే కాదు, ఫ్రేములో భాగం కూడా. దాన్ని ఊడదీస్తే అడుగున ఫ్రేము ఖాళీ. బిగింపులో తేడా వస్తే బండి మొత్తం తేడా కొడుతుంది.

మెకానిక్‌ను దాటితే చట్టం ఉంది. ఇంజను నంబరు, ఇంధనం రెండూ ఆర్సీలో రాసి ఉంటాయి. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదన్నది 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ! ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ సరేసరి. పైగా పాత సామాన్ల షాపులో అతనికి దొరికిన పెట్రోలు ఇంజనుకు కాగితాల్లేవు. అది ఏ బండిదో, ఎలా వచ్చిందో ఎవరు చెప్పాలి?

వీటన్నిటికన్నా బరువైన మాట అమ్మ అంది. ‘‘కాలవ గట్టు మీద ఆ చప్పుడు వినపడితే చాలు, కంచం పెట్టేదాన్ని. ఇంజను మార్చాక అది మీ నాన్న బండి ఎట్లా అవుద్దిరా?’’

ఆ మాటకు కొడుకు దగ్గర జవాబుంది. కంపెనీ మాత్రం మార్చలేదా? 2009లో వచ్చిన క్లాసిక్‌లో ఇంజను, గేరుబాక్సు ఒకే పెట్టెలోకి వచ్చేశాయి. 2021లో ఇంకో కొత్త ఇంజను. అదురు తగ్గింది, హాయి పెరిగింది. ఆ పాత ‘డగ్ డగ్’ ఏదంటూ అభిమానులు నొచ్చుకున్నా, బండి రూపం మాత్రం పాతదే. కానీ అమ్మ అడిగింది బుల్లెట్ గురించి కాదు. ఈ ఒక్క బండి గురించి.

ఆఖరికి పెట్రోలు ఇంజనుకు ఇవ్వాల్సిన డబ్బు డీజిల్ పంపు, నాజిల్ బాగుచేయడానికి వెళ్లింది. హైవే ఆలోచన మానుకున్నాడు. పొలం దాకా, సంత దాకా చాలనుకున్నాడు. పదిహేనేళ్లు దాటిన బండి కదా, రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. తనిఖీలో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో సరిచూశారు. తండ్రి కొన్న రోజున రాసిన అంకెలే. రెండూ సరిపోయాయి.