గిరణ్‌గావ్‌లో రాత్రి భోజనం

ముంబయిలో పనిబడి వెళ్తే ఒక సాయంత్రం లోయర్ పరేల్ కోసం అట్టేపెట్టుకోండి. ఆకలి మీద వెళ్లండి సుమా! ట్యాక్సీ ఎక్కి చెప్పాల్సిన పేర్లన్నీ మిల్లులవే: కమలా మిల్స్, మథురాదాస్ మిల్స్, ఫీనిక్స్ మిల్స్. వాటిలో ఇప్పుడు మగ్గాలు ఆడవు. ఆఫీసులు, దుకాణాలు, బార్లు, హోటళ్లు వచ్చేశాయి. చీకటి పడితే జనం తోసుకుంటూ వస్తారు.

తాగే అలవాటుంటే మథురాదాస్ మిల్స్ వైపు నడవండి. బెంగళూరు ఇందిరానగర్‌లో మొదలైన టాయిట్ అక్కడా వెలిసింది. తిండికైతే నా ఓటు కమలా మిల్స్‌లోని బాంబే క్యాంటీన్‌కే. 2015లో తెరిచారు. మన దినుసులతో న్యూయార్క్‌లో వండి పేరు తెచ్చుకున్న ముంబయి మనిషి ఫ్లాయిడ్ కార్డోజ్ దీని వెనక ఉన్నాడు. 2020 మార్చిలో కోవిడ్ ఆయన్ని తీసుకుపోయింది. ఎగ్స్ కేజ్రీవాల్ చెప్పండి. రొట్టె మీద చీజు, పచ్చిమిర్చి, ఆపైన వేపిన గుడ్డు. ఈ నగరంలోనే విల్లింగ్డన్ క్లబ్బులో పుట్టిన పలహారం అది. సొన చిట్లి చీజులో కలిసి, వెనకే మిర్చి ఘాటు నాలుకకి తగిలితే ఎవరికైనా ఇంకో ప్లేటు చెప్పాలనిపిస్తుంది.

రెండో ప్లేటు వచ్చేలోగా ఒక మాట చెప్పనివ్వండి. ఈ పేటకి గిరణ్‌గావ్ అని పేరు, అంటే మిల్లుల ఊరు. పెళ్లాంపిల్లల్ని ఊళ్లో వదిలి మిల్లు పనికి వచ్చిన మగవాళ్లు, చాళ్లు అనే వరస గదుల భవనాల్లో ఒక్కో గదిలో పదిమందీ పదిహేనుమందీ సర్దుకునేవారు. ఒక షిఫ్టువాళ్లు లేచి వెళ్తే ఇంకో షిఫ్టువాళ్లు పడుకునేవారు. మరి వాళ్లకి వండిపెట్టేదెవరు? ఆ చాళ్లలోనే ఉండే ఆడవాళ్లు. తమ ఒంటిగది కొంపలోనే పొయ్యి రాజేసి, భాక్రీ రొట్టె, పప్పు, ఉసళ్ అనే మొలకల కూర, ఉన్ననాడు చేపల పులుసు పెట్టేవారు. ఆ ఇళ్లని ఖానావళ్ అనేవారు. డబ్బులు నెలాఖరున జీతాలు వచ్చాకే. అప్పటిదాకా సరుకులకి వడ్డీవ్యాపారే దిక్కు. ప్రేమా పురవ్ అనే కార్మిక నాయకురాలు 1975లో ఆ ఆడవాళ్లని కూడగట్టి అన్నపూర్ణా మహిళా మండల్ పెట్టింది, బ్యాంకు అప్పులు ఇప్పించింది. ఈ పేట కథలో నాకు అన్నింటికంటే ఇష్టమైన మనిషి ఆవిడే.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెనక రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకి దిగారు. ఆ సమ్మెని విరమించినట్టు ఎవరూ ప్రకటించలేదు. మిల్లులే ఒక్కొక్కటీ మూతబడ్డాయి. కార్మికుడి జీతం ఆగితే ఖానావళ్ పొయ్యి ఎలా వెలుగుతుంది? ఇక మిల్లుల నేల సంగతి. దాన్ని కొత్త కట్టడాలకి వాడుకోవాలంటే, 1991 నిబంధనల ప్రకారం అందులో మూడోవంతు ఖాళీ మైదానాలకీ, మూడోవంతు సామాన్యుల ఇళ్లకీ పోవాలి. 2001లో ఆ లెక్కని కట్టడాలు లేని ఖాళీ జాగాకే కుదించారు. దాంతో ప్రజల వాటా చిక్కిపోయింది. నా మట్టుకు అది అన్యాయం. ఆ నేల మీద వెలిసిన బార్ల గురించి ఇంకో చేదు ముక్క: 2017 డిసెంబరు 29న అర్ధరాత్రి కమలా మిల్స్‌లో మేడ మీద బారు అంటుకుని పద్నాలుగు మంది పోయారు. అందుకే మేడ మీద బల్ల దొరికితే, దిగే దారి ఎటుందో చూసుకుని మరీ కూర్చోండి.

మన తెలుగువాళ్లకీ ఈ నేలతో చుట్టరికం ఉంది. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి పద్మశాలీలు మగ్గం పని చేతబట్టుకుని ఈ మిల్లులకే వలస వచ్చారు. వర్లీ, లోయర్ పరేల్ చాళ్లలో తెలుగు వినిపించడం వాళ్లవల్లే.

ఇక్కడి హోటళ్ల వంటవాళ్లని నేను కోరేది ఒకటుంది. దేశంలోని వంటలన్నీ వెతికి వెతికి వడ్డిస్తున్నారు కదా, వారానికి ఒక్కరోజు ఖానావళ్ భోజనమూ పెట్టండి. వండడానికి ఆ చాళ్ల ఆడవాళ్లనే పిలవండి, ఎగ్స్ కేజ్రీవాల్‌కి తీసుకునే ధరే తీసుకుని వాళ్లకి ఇవ్వండి. మొదటి బంతిలో నేనుంటాను.

ఇంతకీ మీ ఇంట్లో బొంబాయి మిల్లులో చేసొచ్చిన తాతగానీ పెదనాన్నగానీ ఉన్నారా? అక్కడ ఎవరింట తిన్నారో, ఏం తిన్నారో అడిగి నాకు రాయండి.