రావులపాలెములో ఏడు శనివారములు

రాజమహేంద్రవరమునుండి దక్షిణమునకు పోవు జాతీయ రహదారి జొన్నాడ దాటినంతనే గౌతమీనదిపై వంతెన నెక్కును. వంతెన దిగినచోటనే రావులపాలెము. మరికొంతదూరము పడమరకు పోయినచో సిద్ధాంతము వద్ద వసిష్ఠానది అడ్డము వచ్చును. ఈ రెండు పాయల నడిమి నేలకు కోనసీమ యని పేరు. దానికి రావులపాలెము వాకిలి వంటిది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఈ యూరు తూర్పుగోదావరినుండి కోనసీమ జిల్లాలో చేరినది. కాగితములపై జిల్లా మారినను ఊరి మాటతీరు, మర్యాద, వంట మారలేదు.

ఊరికి పేరు తెచ్చినది అరటి. తెల్లవారుజామున మార్కెట్టు యార్డువద్ద నిలుచున్నచో లంకగ్రామములనుండి వచ్చు సైకిళ్ళు బారులు తీరి కనబడును. సైకిలుకు ముందు, వెనుక, ఇరుప్రక్కల గెలలు వ్రేలాడగట్టి, ఎక్కి తొక్కుటకు చోటులేక, మనిషి దానిని నడిపించుకొని వచ్చును. దూరమునుండి చూచువారికి అరటితోటయే కాళ్ళు వచ్చి నడచుచున్నట్లు తోచును. కర్పూర, చక్కెరకేళి, అమృతపాణి, కూరకు పనికివచ్చు బొంత: దేని వరుస దానిదే, దేని ధర దానిదే. కాయ ముదురు చూచి పాట పాడుదురు. పొద్దెక్కిన పిదప గెలలు లారీల కెక్కి ఒడిశాకు, వంగదేశమునకు, తమిళదేశమునకు సాగిపోవును.

ఇట్టిచోట ఆకలి యను మాటయే వింతగా తోచును. కొలదిదూరములో ఆత్రేయపురము. అచ్చటి స్త్రీలు బోర్లించిన కుండ క్రింద మంటపెట్టి, పలుచని బియ్యపుపిండి నీటిలో ముంచిన గుడ్డను కుండపై ఒక్కసారి పరచి తీయుదురు. రెప్పపాటులో కాగితము కన్న పలుచని రేకు లేచివచ్చును. నేయి, బెల్లమో పంచదారయో చేర్చి చుట్టిన ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. నదికి ఆవలివైపున తాపేశ్వరము కాజా. ఇక ఈ సీమ మర్యాద సంగతి వేరుగా చెప్పనేల? వచ్చిన చుట్టము "చాలు" అనుట లాంఛనము, వడ్డించువారు దానిని వినకుండుట అంతకన్న గట్టి లాంఛనము.

ఇంత తిండి నడుమ ఒళ్ళు తగ్గించుకొనదలచిన స్త్రీ పాట్లెట్టివో ఈ ప్రయాణములో వింటిని. నా పినతల్లిగారి యిల్లు ఈ యూరిలో ఏటిగట్టుకు చేరువ. ఆమె కోడలు నాకు మరదలు. తన పేరు వ్రాయవలదనియు, సంగతి మాత్రము తప్పక వ్రాయవలెననియు ఆమెయే కోరినది.

శనివారమునాడు మేమిరువురము వాడపల్లి వేంకటేశ్వరస్వామి దర్శనమునకు బయలుదేరితిమి. ఏడు శనివారములు వచ్చి, వచ్చినప్పుడెల్ల గుడిచుట్టు ఏడు ప్రదక్షిణములు చేయుట అచ్చటి మ్రొక్కు. అందుకే ఆ దేవుని ఏడువారాల వెంకన్న యని పిలుతురు. త్రోవలో లొల్ల లాకులవద్ద ఆటో ఆపించి కొంతసేపు కూర్చుంటిమి. బొబ్బర్లంకవద్ద ఆనకట్టనుండి బయలుదేరిన మధ్యడెల్టా కాలువ ఇచ్చటికి వచ్చి పాయలుగా చీలి కోనసీమ నంతటిని తడుపును. 1847లో మొదలిడి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్టను ఆర్థర్ కాటను పేరుతో జనులు నేటికిని తలచెదరు గాని, ఏ కాలువకెంత నీరు పోవలెనో నిలువరించి పంచు ఈ లాకులను, వాని తలుపులను ఎత్తి దించు లస్కరులను తలచువారరుదు. చెట్లనీడలు, తలుపుల క్రిందనుండి నురుగుతో దూకు నీటి చప్పుడు. ఆ చప్పుడు మరుగున మా మరదలు తన కథ చెప్పినది.

రెండవ కాన్పు తరువాత ఆమె ఒళ్ళు వచ్చినది. చూచినవారందరు "ఒళ్ళు చేశావమ్మా" అనువారే. పిమ్మట రక్తపరీక్షలో చక్కెర హద్దునకు చేరువలో నున్నదని తేలినది. ఆమె అన్నము మానినది. ఉదయము గుప్పెడు పెసరమొలకలు, మధ్యాహ్నము మజ్జిగ, రాత్రి ఏమియు లేదు. శనివారము వచ్చినచో వాడపల్లి మ్రొక్కు పేరుతో అదియు లేదు.

"వదినగారూ, మొదటివారం పొద్దుటినుంచీ మంచినీళ్ళు తప్ప ముట్టలేదండి. రాత్రి అందరూ పడుకున్నాక ఒక్క అరటిపండు తిందామని వంటింట్లోకి వెళ్ళాను. తర్వాత ఏం తిన్నానో, ఎంత తిన్నానో నా చేతుల్లో లేదు. పూనకం వచ్చినట్టుంటుందండి."

దీపము వేయకుండ, నిలువుకాళ్ళపై, గిన్నెలో మిగిలిన చల్లని అన్నము ఆవకాయతో. దానివెంట పిల్లల బిస్కట్లు. దానివెంట చుట్టములకని దాచిన పూతరేకుల పెట్టె. డబ్బామూత చప్పుడు కాకుండ పైటకొంగు అడ్డము పెట్టి తీసెడిదట. రుచి తెలియదు, ఆకలి తీరిన సంగతియు తెలియదు. కడుపు నొప్పి పుట్టినప్పుడే చేయి ఆగును. మరునాడు ఎవరును లెక్క చూడకముందే మరియొక పెట్టె కొని అచ్చటనే పెట్టును. తనకు తాను విధించుకొన్న శిక్షగా ఆ దినమంతయు పస్తుండును. ఆ రాత్రి మరల వంటిల్లు. ఈ విధముగా ఒక యేడాది గడచినది. ఒళ్ళు తగ్గకపోగా హెచ్చినది.

ఇంటిలో ఎవ్వరికి నేల తెలియలేదని పాఠకురాండ్రు అడుగవచ్చును. మన యిండ్లలో ఇల్లాలు కడపట తినును. ఆమె తిన్నదా మానినదా యని కంచమువైపు చూచువారు లేరు. పస్తున్నచో ఉపవాసమని మెచ్చుకొందురు. అందరి యాకలి లెక్క తెలిసిన మనిషి ఆకలిని లెక్కించువారు లేకపోవుటచేత, ఆమె యెండుటయు మ్రింగుటయు రెండును చీకటిలోనే జరిగిపోవును. ఇది నా మరదలి యింటి దోషము మాత్రమే గాదు.

ఆమె దీనిని జిహ్వచాపల్యమని, తన గుణమందలి లోపమని నమ్మినది. వైద్యశాస్త్రము అట్లు చెప్పుటలేదు. 1959లోనే ఆల్బర్ట్ స్టంకార్డ్ అను అమెరికా వైద్యుడు స్థూలకాయులలో కొందరికి గల ఈ విపరీతభోజనమును వర్ణించినాడు. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘము దీనిని ప్రత్యేకవ్యాధిగా తన గ్రంథమున చేర్చినది. పెండ్లిలో రెండు బూరెలు ఎక్కువ తినుట ఈ వ్యాధి గాదు. కొద్దివ్యవధిలో ఇతరులు తినుదానికన్న మిక్కిలి హెచ్చుగా, నిగ్రహము తప్పి తినుట; ఆకలి లేకున్నను గబగబ మ్రింగుట; సిగ్గుచేత ఒంటరిగా తినుట; పిదప తన్ను తాను అసహ్యించుకొనుట; ఇట్టివి వారమునకు ఒకసారియైనను, మూడుమాసములపాటు జరిగినచో వైద్యులు దీనిని వ్యాధిగా నెంతురు.

దీనికి కారణములు పెక్కు. మనసులోని దిగులు, ఒంటరితనము, చిన్ననాటినుండి విన్న ఎత్తిపొడుపులు, వంశగుణము, అన్నియు కలియవచ్చును. కాని మా మరదలి విషయమున ముఖ్యమైనది పస్తు. 1944, 45 సంవత్సరములలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, తమంత తాము ముందుకువచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారములపాటు అర్ధాహారము పెట్టి పరీక్షించెను. వారికి పగలురేయి తిండి తలపే. కొందరు వంటపుస్తకములు చదువుచు కూర్చుండిరి. పరీక్ష ముగిసి కడుపునిండ పెట్టినప్పుడు, ఎంత తిన్నను ఆకలి తీరలేదని మొరపెట్టుకొన్నవారు గలరు. అంతకుముందు వారిలో తిండిపోతులెవ్వరును లేరు. 1975లో హెర్మన్, మాక్ అను ఇరువురు మరియొక వింత చూపిరి. మితాహారపు పట్టుదల గలవారు ముందుగా తీపిపాలు త్రాగినచో, నియమము ఎట్లును చెడినది గదా యన్నట్లు, పిదప ఐస్‌క్రీము తగ్గించి తినుటకు మారుగా హెచ్చుగా తినిరి. ఒక్క అరటిపండుతో మొదలై పూతరేకుల పెట్టెవరకు పోయిన మా మరదలి రాత్రి యిదియే గదా!

లాకులవద్ద కూర్చున్నప్పుడు నాకు శివారు రైతు తలపునకు వచ్చెను. కాలువ చివర పొలము గలవానికి నీరెప్పుడు వచ్చునో నమ్మకము లేనిచో, వచ్చిననాడు గట్టు తెగగొట్టియైనను చేనంతయు ముంచివేయును. వంతు తప్పక వచ్చునని తెలిసినవాడు కావలసినంత పెట్టుకొని మడవ కట్టివేయును. పస్తులుండు దేహమును ఆ మొదటి రైతువలె భయపడిన దనుకొనినచో, దానిని దూషించుటకు నోరు రాదు.

ఆమెకు దారి చూపినది రాజమహేంద్రవరములోని యొక వైద్యురాలు. చక్కెర పరీక్ష కాగితము చూపుటకు పోయినప్పుడు ఆ వైద్యురాలు "రాత్రులు ఏమి తింటున్నారమ్మా?" అని మెత్తగా అడిగినదట. ఆ ప్రశ్నకు మా మరదలు అరగంట యేడ్చినది. పిదప దొరకిన సలహా మొదట నామెకు తలక్రిందులుగా తోచినది: ఒళ్ళు తగ్గవలెననిన ముందు పస్తులు మానుము. దినమునకు మూడుపూటల భోజనము, నడుమ రెండు చిరుతిండ్లు, ఏ రెంటి నడుమను నాలుగుగంటలకు మించి యెడము కూడదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ 1995లో ఈ వ్యాధిపై వ్రాసిన గ్రంథమందలి మార్గము నిదియే. తిన్నది తిన్నప్పుడే వ్రాసికొనుట, తూకము వారమునకు ఒక్కసారి మాత్రమే చూచుట, నిషిద్ధపదార్థములను కొంచెము కొంచెముగా మరల భోజనములో చేర్చుకొనుట కూడ నందు గలవు.

మా మరదలు పాలలెక్క పుస్తకము వెనుకపుటలలో వ్రాయ మొదలుపెట్టినది. నేనా పుటలు చూచితిని. "సా. 4 గం. చక్కెరకేళి 2, కాఫీ." "రాత్రి 11, అన్నం, ఆవకాయ, బిస్కట్లు. పొద్దున అత్తయ్యగారు కసిరారు." ఈ రెండవమాట ఎంత విలువైనదో ఆలోచింపుడు. పూనకమునకు ముందు ఆకలియో అవమానమో ఉండినట్లు పుటలు తిరుగవేసినకొలది ఆమెకే కనబడినది. అట్టి రాత్రులలో వంటింటి తలుపు దాటి వీధియరుగుమీదికి పోయి చెల్లెలికి ఫోను చేయుట అలవరచుకొన్నది. కోరిక కెరటము వంటిది. ఇరువది నిమిషములు ఓర్చినచో చాలసారులు విరిగిపోవునని చెప్పినది. విరుగని రాత్రులును ఉన్నవి. మరునాడు పస్తుండక, ఎప్పటివలె ఎనిమిదింటికి రెండు ఇడ్డెనలు తినుటయే అన్నిటికన్న కష్టమైన పని యట.

నాలుగుమాసములలో ఆ రాత్రులు వారమునకు నాలుగునుండి నెలకు ఒకటికి దిగినవి. బరువో? తగ్గినది చాల కొంచెమే. ఈ సంగతి దాచుట నాకిష్టము లేదు. ఈ చికిత్స పూనకమును మాన్పును గాని శరీరమును సన్నగిల్లజేయునని వైద్యులును మాట యియ్యరు. అయినను ప్రతిరాత్రి పోగగుచున్న భారము నిలిచినది. చక్కెర హద్దు దాటలేదు. సాయంకాలము ఏటిగట్టున నడచుటకు ఇప్పుడామెకు కాళ్ళు వచ్చినవి. పస్తులతో తల తిరుగుచున్ననాడు ఎవరు నడువగలరు?

మ్రొక్కు మాటయో యని అడిగితిని. వాడపల్లి స్వామికి ప్రదక్షిణములు మ్రొక్కితిని గాని కడుపు మాడ్చుకొనుట మ్రొక్కలేదు గదా యన్నది. తిని బయలుదేరి, ప్రదక్షిణములు చేసి, ప్రసాదము కన్నుల కద్దుకొని తినివచ్చుచున్నది. నేను వెంటవెళ్ళినది ఆరవవారము. ఉపవాసములను నేను నిందించుటలేదు. ఒంటికి సరిపడువారికి అవి నెమ్మది నిచ్చును. ఈ వ్యాధి గలవారికిని, చక్కెరవ్యాధికి మందులు వాడువారికిని మాత్రము అవి అపాయము తేగలవు. తిన్నదానిని వాంతి చేసికొనుట, విరేచనముల మందు మ్రింగుట కూడ తోడైనచో అది మరియొక వ్యాధి. వైద్యుని చూచుటకు క్షణమైనను తడయరాదు. ఇంటిలో చెప్పుకొనలేనివారు 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ వారికి 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును.

మేము తిరిగివచ్చునప్పటికి ఒంటిగంట దాటినది. పినతల్లిగారు అరిటాకులు కడిగి సిద్ధముగా నుంచినది. మగవారి భోజనము లైన తరువాత తినుట ఆమె యేబదియేండ్ల యలవాటు. ఈమధ్య కోడలికి వేళ తప్పరాదని వైద్యురాలు చెప్పినదగ్గరనుండి ఆ యలవాటు కొంత సడలినది. మొదట కొన్నాళ్ళు సణిగినదట. ఆనాడు మూడాకులు వేసి, పనసపొట్టుకూర వడ్డించి, తానును కోడలి ప్రక్కనే కూర్చున్నది. కోడలు "చాలండత్తయ్యగారూ" అన్నది. గరిటె గాలిలో ఒక్కక్షణము ఆగి, కూరగిన్నెలోనికే వెనుకకు పోయినది. "నీకు?" అని నావైపు తిరిగి, నేను బదులు చెప్పకముందే నా యాకులో రెండు గరిటెలు వేసినది.