మేకు కొట్టకుండా మన గోడ



హాస్టల్‌లో సీటు రాక బయట గదులు తీసుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం ఈ పోస్టు. కాస్త పొడుగ్గానే ఉంటది, ఓపిగ్గా చదవండి.

మేం నలుగురు ఆడపిల్లలం. ముగ్గురం సవర, ఒకరు జాతాపు. మా ఊర్లన్నీ సీతంపేట ఐటీడీఏ కిందవే. విశాఖలో రెండు గదుల పోర్షన్‌లో ఉంటున్నాం. అద్దె 8 వేలు, అడ్వాన్సు 16 వేలు. తలా 4 వేలు వేసుకున్నాం. అవి ఇంట్లో జీడిపిక్కలు, కొండచీపుర్లు అమ్మిన డబ్బులు. ఖాళీ చేసేటప్పుడు గోడకి నాలుగు మేకు కన్నాలు కనబడితే చాలు, "రంగులకి పట్టుకుంటాం" అంటారు. అందుకే మా మొదటి రూలు, గోడకి కొత్త కన్నం పడకూడదు.

చేరిన రోజే సామాన్లు విప్పకముందు ఫోన్‌తో అన్ని గోడలూ ఫొటోలు తీశాం. పాత మేకులు, చెమ్మ మరకలు, బాత్రూం తలుపు పగులు, ఊడిన స్విచ్ బోర్డు అన్నీ. అదే రోజు ఓనరు ఆంటీకి వాట్సాప్‌లో పంపి "ఇవి ముందునుంచీ ఉన్నాయండి" అని రాశాం. పైసా ఖర్చు లేదు, కానీ రేపు మాటకి మాట వస్తే అదే సాక్ష్యం.

తర్వాత గోడని చెయ్యితో రుద్ది చూడండి. తెల్లపొడి అంటితే సున్నమో, తక్కువ రకం డిస్టెంపరో. దానిమీద టేపు నిలబడదు, పీకితే పొర లేచి వస్తది. పొడి అంటకుండా నున్నగా ఉంటే కొంత నయం, అయినా మంచం వెనక ఓ మూల చిన్న ముక్క అంటించి రెండ్రోజులు చూడాలి. విశాఖ ఉప్పుగాలికి, చెమ్మకి జిగురు త్వరగా వదిలేస్తది కూడా. టేపు పీకేటప్పుడు హెయిర్ డ్రయర్‌తో కాస్త వెచ్చచేసి, గోడ వెంబడే మెల్లగా లాగాలి.

మేం గోడని దాదాపు ముట్టుకోలేదు. కిటికీ ఊచల నుంచి పాత మేకు దాకా జనపనార తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ఫొటోలు తగిలించాం. అటక అంచు మీద బరువు పెట్టి అమ్మ పాత చీర కిందికి వదిలితే గదికి అడ్డుతెర అయ్యింది. ఊరినుంచి తెచ్చిన వెదురుబుట్ట తిరగేస్తే చిన్న బల్ల. సొరబుర్రలో ఎండుగడ్డి పూలు. సీసాలో మనీప్లాంట్. తాడు, క్లిప్పులు, దీపాల దండ అన్నీ కలిపి 300 లోపే. దీపాల దండ ఎల్‌ఈడీదే కొనండి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఇస్త్రీపెట్టె, హీటరు కలిపి పెట్టకండి.

ఇంతవరకు ఎవరైనా చెప్తారు. మాలో మాకు గొడవ అయ్యింది ఒక్క బొమ్మ దగ్గర.

ఈ ఇల్లు దొరక్కముందు మూడు చోట్ల "మీరేట్లు?" అని అడిగారు. చెప్పిన తర్వాత ఒకరికి చుట్టాలొస్తున్నారు, ఒకరికి మరమ్మతులున్నాయి. అందుకని మాలో ఒకమ్మాయి "మనవి ఏవీ కనబడేలా పెట్టొద్దు, క్యాలెండర్ చాలు" అంది. ఇంకో అమ్మాయి "తలుపేసుకున్నాక కూడా దాక్కోవాలా?" అంది. వారం రోజులు అదే మాట. ఇద్దరి మాటా నిజమే కాబట్టి తేలలేదు.

ఇంకో చిక్కు ఉంది. మన సవర బొమ్మలు అలంకారానికి గీసేవి కావు. ఎర్రమట్టి అలికిన గోడమీద బియ్యప్పిండితో పెద్దల కోసం, దేవుళ్ళ కోసం పూజ చేసి గీస్తారు. అద్దెగదిలో మనం గీయొచ్చా? ఊరికి ఫోన్ చేసి పూజచేసే తాతని అడిగాం. "పూజబొమ్మ వేరు, చూసుకునే బొమ్మ వేరు. పెద్దల్ని పిలవకండి. చెట్లు, నెమళ్ళు, డోలు వాయించేవాళ్ళు, పోడులో పనిచేసేవాళ్ళని గీసుకోండి" అన్నాడు. ఆ మాటతో మా గొడవ కూడా తేలిపోయింది.

ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె కొట్టువాడిని అడిగి తెచ్చాం. దానిమీద గోనెపట్టా అంటించి, జల్లించిన ఎర్రమట్టిలో ఫెవికాల్ కలిపి రెండుసార్లు పూశాం. బియ్యప్పిండి ఈ చెమ్మకి బూజుపడుతుంది, పురుగులు వస్తాయి. అందుకే సుద్దపొడి, ఫెవికాల్ కలిపి వెదురుపుల్లతో గీశాం. బాగా ఆరాక టేబుల్ మీద పెట్టి గోడకి ఆనించాం. అట్ట వెనక వేలు పట్టేంత ఖాళీ వదలండి, గాలి ఆడకపోతే గోడకి చెమ్మ పడుతుంది. ఖర్చు 120 రూపాయలు.

నెలాఖరుకి ఆంటీ అద్దెకి వచ్చి చూసి, "ఏటమ్మా, గోడమీద గీసేసినారా?" అంది గాబరాగా. అట్ట పక్కకి జరిపి శుభ్రంగా ఉన్న గోడ చూపించాం. "ఎవరి బొమ్మలివి?" అంది. "మావేనండి, మేం సవరోళ్ళం" అన్నాం నలుగురం ఒకేసారి. జాతాపు అమ్మాయి కూడా! కాసేపు ఏమీ అనలేదు. డబ్బులు లెక్కపెట్టుకుని "నీళ్ళ మోటారు రాత్రి పదికి ఆపేయండి" అని వెళ్ళిపోయింది. మంచిదో చెడ్డదో ఆ మాటలో మాకేం తెలియలేదు. కానీ ఆ రోజు తర్వాత ఇంట్లో సవర మాట్లాడుకునేటప్పుడు గొంతు తగ్గించడం మానేశాం.

అందరూ ఇలాగే చెయ్యాలని కాదు. ఓనరు ఎలాంటివాళ్ళో, మీకు ఎంత ధైర్యముందో మీకే తెలుసు. ముందు అడ్వాన్సు కాపాడుకోండి, తర్వాత గోడ సంగతి. గోండు, కోయ, కొండదొర, బంజారా మిత్రులు మీ గదుల్లో ఏం పెట్టుకున్నారో ఫొటోలు పెట్టండి. కన్నం లేకుండా పెద్ద అద్దం ఎలా నిలబెట్టాలో కూడా చెప్పండి, మా దగ్గర ఆ ఒక్కటే మిగిలింది.