ఏ జత గెలుస్తుంది తాతా?

మన భాషలో ఒక చిత్రముంది. ఎడ్లు బండ లాగితే అదీ పందెమే, ఆ ఎడ్ల మీద వంద రూపాయలు ఒడ్డితే అదీ పందెమే. ఆటకీ జూదానికీ ఒకే మాట పెట్టుకున్నాం. ఆ రెంటి మధ్య గీత ఎక్కడుందో చెప్పమని నన్ను ఓ పన్నెండేళ్ల పిల్లాడు నిలదీశాడు.

వాడు మా మనవడు. ఉండేది అమెరికాలో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. నేనుండేది కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో, ఓర్వకల్లులో. రాక్ గార్డెన్ చూడ్డానికి వచ్చేవాళ్లకీ, 2021 నుంచి విమానం ఎక్కడానికి వచ్చేవాళ్లకీ మా ఊరు తెలుసు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని.

మనవడికి తెలుగు అర్థమవుతుంది. మాట్లాడమంటే నసుగుతాడు. "బాగున్నావా?" "బాగున్నా." "అన్నం తిన్నావా?" "తిన్నా." అంతే, ఫోన్ వాళ్లమ్మ చేతిలో పెట్టి పారిపోయేవాడు. అలాంటివాడు 2025 జనవరిలో తనే అడిగి ఫోన్ తీసుకున్నాడు. వాళ్లింట్లో ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్స్ మొదలయ్యే ముందు ఎవరెవరు గెలుస్తారో తలా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తారట. "తాతా, నువ్వు కూడా చెప్పు" అన్నాడు.

ఆ ఆట నాకు బొత్తిగా కొత్తేం కాదు. 2019లో చలికాలం అక్కడున్నప్పుడు టీవీలో చూశాను. పేరుకి ఫుట్‌బాల్ అయినా కాలితో తన్నేది తక్కువ, చేత్తో పట్టుకుని పరిగెత్తేదే ఎక్కువ. గుడ్డు ఆకారంలో బంతి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు తోసుకుపోవాలి. పోగలిగితే ఇంకో నాలుగు ప్రయత్నాలిస్తారు. లేకపోతే బంతి ఎదుటివాళ్లది. మొదట్లో ఇదేం ఆటరా, మాటిమాటికీ ఆగిపోతుంది అనుకున్నాను కానీ, ఇద్దరు మనుషులు గొలుసు పట్టుకొచ్చి నేల కొలవడం చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇది మన బండలాగుడే! అక్కడ గజాలు, ఇక్కడ అడుగులు.

బండలాగుడు చూడనివాళ్ల కోసం రెండు మాటలు. టన్నుల బరువుండే రాతి బండకి ఎడ్ల జతను కడతారు. ఇన్ని నిమిషాలని గడువు. ఆ గడువులో బండను ఎంత దూరం లాగితే అంత, అడుగుల్లో కొలుస్తారు. పళ్లను బట్టి వయసు కట్టి వేరువేరు వరసలుగా పోటీలు పెడతారు. రెండు పళ్ల జత ఆరు పళ్ల జతతో తలపడదు. సంక్రాంతికీ శివరాత్రికీ ఉగాదికీ జాతరలకీ మా సీమలో ఇదే పెద్ద వేడుక.

మా నాయన సేద్యగాడు. బండలాగుడులో ఏ జత గెలుస్తుందో చెప్పడంలో ఆయనకి చుట్టుపక్కల ఊళ్లలో పేరుండేది. అందరూ ఎడ్ల మెడలూ మూపురాలూ చూసేవాళ్లు. ఆయన కాళ్లు చూసేవాడు. ఎలపట ఎద్దూ దాపట ఎద్దూ ఒకే అడుగు వేస్తున్నాయా, ఒకటి ముందు గుంజి రెండోది తర్వాత కదులుతోందా అని కాసేపు గమనించేవాడు. "ఒకటి ఏనుగంత ఉండి రెండోది దాని వెనకాల నడిస్తే, ఆ ఏనుగు బండతోపాటు పక్కదాన్నీ లాగాల" అనేవాడు. ఆ రెండూ ఒక కాడి కింద ఎన్నాళ్లుగా ఉన్నాయని అడిగేవాడు. నిన్న కొని ఇవాళ కట్టిన జతను, అది ఎంత ఖరీదైనా సరే, పక్కన పెట్టేసేవాడు. ఇక అసలు సంగతి తిరుగుడు. ఒక చివరికి పోయాక బండను తిప్పుకుని మళ్లీ రావాలి కదా, అక్కడ పోయే క్షణాలే గెలుపోటములు తేలుస్తాయని ఆయన లెక్క. జనం నడిమధ్యన నిలబడి ఈలలు వేస్తుంటే, ఆయన మాత్రం నన్ను వెంటబెట్టుకుని చివరన, దుమ్ములో నిలబడేవాడు. నాలుగు జతలు తిరగడం చూశాక మెల్లగా ఒక పేరు చెప్పేవాడు.

అందుకే మనవడు అడిగినప్పుడు నేను జట్ల పేర్లు అడగలేదు. "ముందు వరసలో తోసుకునేవాళ్లుంటారే, వాళ్లలో ఎవరు గట్టి?" అన్నాను. వాడు నవ్వాడు. వాళ్ల స్నేహితులంతా బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ గురించే మాట్లాడతారు. ముందు వరసలో వంగుని నిలబడి, ఒక్కొక్కడు నూట నలభై కిలోల దాకా తూగే ఆ మనుషుల పేర్లు చాలామందికి తెలియవు. నాకైతే వాళ్లే కాడెద్దుల్లా కనిపిస్తారు.

లెక్కల మాస్టారిని కాబట్టి వాడికి ముందు లెక్క చెప్పాను. లీగ్‌లో ఉండేది 32 జట్లు. ప్లేఆఫ్స్‌కి వచ్చేవి 14. మొత్తం 13 ఆటలు. మన ఐపీఎల్‌లో పైన ఉన్న రెండు జట్లకి ఒకసారి ఓడినా ఇంకో అవకాశం ఉంటుంది. అక్కడ ఆ దయ లేదు, ఓడితే ఇంటికే. ప్రతి ఆటకీ రూపాయి బిళ్ల ఎగరేసి చెబితే, పదమూడూ సరిగ్గా రావడానికి 8,192లో ఒక్క అవకాశం. వాడు క్యాలిక్యులేటర్‌లో రెండుని రెండుతో గుణిస్తూ పోయి "అవును తాతా!" అని ఆశ్చర్యపోయాడు. బడిలో నేను ఎన్నేళ్లు చెప్పినా ఆ అరుపు ఏ పిల్లాడి నోటా రాలేదు.

బిళ్ల ఎగరేసే దానికన్నా బాగా చెప్పడానికి అక్కడ పెద్ద యంత్రాంగమే ఉంది. చదరంగం ఆటగాళ్లకి అంకెలిచ్చే పద్ధతిని ఆర్పాడ్ ఎలో అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ తయారుచేస్తే, దాన్నే పట్టుకొచ్చి ఫుట్‌బాల్ జట్లకీ అంకెలు కట్టేవాళ్లున్నారు. పందేలవాళ్లయితే పాయింట్ల తేడా పెడతారు. పిల్లల పరుగులో చిన్నవాణ్ని నాలుగడుగులు ముందు నిలబెట్టినట్టు, బలహీనమైన జట్టుకి ముందే కొన్ని పాయింట్లు కలిపి చూస్తారన్నమాట. ఇంత చేసినా 1969 జనవరిలో బాల్టిమోర్ కోల్ట్స్ 18 పాయింట్ల తేడాతో గెలుస్తారని లెక్కగడితే, న్యూయార్క్ జెట్స్ కుర్రాడు జో నేమత్ గెలుపు మాదే, హామీ ఇస్తున్నా అన్నాడు. 16-7తో గెలిచి చూపించాడు. 2008 ఫిబ్రవరిలో అంతవరకూ ఆడిన 18 ఆటలూ గెలిచిన న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ ఆఖరి ఆటలో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 17-14తో ఓడారు. 1983లో మనవాళ్లు లార్డ్స్‌లో 183 పరుగులే చేసి వెస్టిండీస్‌ని 140కి కూల్చిన రోజు గుర్తున్నవాళ్లకి ఇందులో వింతేం కనపడదు. వాన రాకడ, ప్రాణం పోకడ అని మనవాళ్లు ఊరికే అన్నారా! మా ఆవిడకి ఈ అంకెలేవీ ఎక్కలేదు. "ఆ జట్లకి ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు ఎంతెంతో చూడరాదా" అంది పంచాంగం చేతికిస్తూ.

ఆ నెలంతా మా ఇంట్లో టైమ్ మారిపోయింది. అక్కడ ఆదివారం సాయంత్రం అయిదున్నరకి మొదలైతే మాకు సోమవారం తెల్లవారి అయిదు. భోగి మంట వేసుకుని ఫోన్ చూసుకున్నాను. మనవడు కాగితంలో డెట్రాయిట్ లయన్స్‌ని చివరిదాకా రాసుకున్నాడు. 17 ఆటల్లో 15 గెలిచిన జట్టు, సొంత మైదానం, ఎవరైనా అదే రాస్తారు. జనవరి 18న వాషింగ్టన్ కమాండర్స్ వచ్చి 45-31తో కొట్టేశారు. లయన్స్ అయిదుసార్లు బంతి చేజార్చుకున్నారు. మాకప్పుడు ఆదివారం ఉదయం పది. ఫోన్లో వాడి ముక్కు ఎగబీలుపు వినిపించింది. మర్నాడే బఫలోలో మంచు పడుతుండగా బాల్టిమోర్ ఆటగాడొకడు, సరిగ్గా చేతుల్లోకి వచ్చిన బంతిని నిమిషంన్నర ఆట మిగిలుండగా జారవిడిచాడు. పట్టుంటే స్కోరు సమం. పట్టలేదు, 27-25తో బఫలో గెలిచింది. "దీన్ని ఏ లెక్కలో రాస్తారు తాతా?" అన్నాడు. తిరుగుడు దగ్గర ఎద్దు కాలు జారితే ఏ లెక్కలో రాస్తారు?

ఇక్కడో మాట. ఎద్దుల వీపుల మీద చెర్నాకోల వాతలు చూసి నేను చాలాసార్లు మొహం తిప్పుకున్నాను. అక్కడ మనుషులకి తలల మీద దెబ్బలు. మాజీ ఆటగాళ్లు వేసిన కేసుల్లో 2013లో లీగ్ 76.5 కోట్ల డాలర్లకి రాజీకి వచ్చింది. బరువు లాగేవాళ్ల బాధ గెలుపు జెండాలో కనిపించదు.

చివరికి మిగిలినవి కాన్సాస్ సిటీ చీఫ్స్, ఫిలడెల్ఫియా ఈగల్స్. చీఫ్స్ వరసగా రెండేళ్లు గెలిచి మూడోసారికి వచ్చారు. పందేలవాళ్ల మొగ్గు కూడా కాస్త వాళ్లవైపే. మనవడు రెండు జట్ల ముందు వరసల గురించి నాకు గంటసేపు తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెప్పాడు. ఆ గంటలో వాడు మాట్లాడిన తెలుగు అంతకుముందు మూడేళ్లలో మాట్లాడి ఉండడు. విని "ఈగల్స్ కాడి కలిసి నడుస్తోంది" అన్నాను. ఫిబ్రవరి 9న ఈగల్స్ 40-22తో గెలిచారు. వాళ్ల ముందు వరస, అదనపు సాయమేమీ లేకుండానే, చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్‌ని ఆరుసార్లు కింద పడేసింది. మనవడు ఇంట్లో గంతులేశాడట.

రెండురోజుల తర్వాత ఫోన్ చేశాడు. "తాతా, వచ్చే ఏడాది నీ పిక్స్ కావాలని మా ఫ్రెండ్స్ అడుగుతున్నారు. ఒకడైతే వాళ్ల అన్నతో డబ్బులు పెట్టిస్తాడట!"

వాడు సంబరంగా చెప్పాడు. నాకు మాత్రం మా నాయన గుర్తొచ్చాడు.

నాకప్పుడు పదేళ్లుంటాయి. ఒక జాతరలో నాయన యథాప్రకారం ఒక జత పేరు చెప్పాడు. అది గెలిచింది. ఆయన మాట నమ్మినవాళ్లు గెలిచారు, కాదన్నవాళ్లు ఓడారు. ఓడినవాళ్లలో మా వీధి మనిషి ఒకాయన పాడి ఆవును ఒడ్డాడు. మర్నాడు పొద్దున్నే అతని భార్య చంకలో బిడ్డతో మా గడప ముందు నిలబడింది. తిట్టలేదు. "మామా, నువ్వు నోరు తెరవకుంటే వాళ్లు పందెం కట్టుకోకపోదురు" అంది. అంతే, వెళ్లిపోయింది. నాయన చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజమైన రోజది. ఆ తర్వాత ఆయన మైదానంలో ఎవరికీ పేరు చెప్పలేదు. చూడ్డం మాత్రం మానలేదు. బండి కట్టుకుని ఇంటికొచ్చేటప్పుడు, ఊరు దాటాక, నాకొక్కడికే చెప్పేవాడు, ఏ జత ఎందుకు గెలిచిందో.

అమ్మాయి భయం ఇంకా దగ్గరిది. మా తమ్ముడి కొడుకు ఐపీఎల్ ఆటల మీద ఫోన్లో డబ్బులు పెట్టి, రెండెకరాలు అమ్మించాడు. వాడికి క్రికెట్ తెలియక కాదు, బాగా తెలుసు. తెలుసన్న ధీమాయే వాణ్ని ముంచింది. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు. 2025 ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల మీద కేంద్రమూ చట్టం తెచ్చింది. పోయిన పొలం ఏ చట్టంతోనూ తిరిగిరాదు. అమెరికాలో గాలి ఎదురు దిశలో వీస్తోంది. 2018లో అక్కడి సుప్రీంకోర్టు పాత నిషేధాన్ని కొట్టేశాక రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి తలుపులు తెరిచాయి. టెక్సాస్ ఇంకా తెరవలేదు కానీ, ఆట మధ్యలో ప్రకటనలు మాత్రం ఇంట్లోకే వస్తాయి. "నాన్నా, వాడికి ఇదంతా ఎందుకు అలవాటు చేస్తున్నావ్? అన్న సంగతి చూశావు కదా" అంది అమ్మాయి.

ఆమె మాట తీసేయదగ్గది కాదు. కానీ మానేస్తే మళ్లీ "తిన్నావా, తిన్నా" దగ్గరికే పోతాం. ఆలోచించి, మనవడికి ఆ ఆవు కథ మొత్తం చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా ఇంగ్లీషులోకి పోలేదు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "ఆవు మళ్లీ వచ్చిందా?" అన్నాడు. రాలేదన్నాను. "మరి మీ నాన్న చెప్పింది కరెక్టే కదా, తప్పెవరిది? ఏ పందెం మంచిది, ఏది చెడ్డది?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర ఎలో గారి అంకెల్లాంటి జవాబు లేదు. షరతులు మాత్రం పెట్టాను. డబ్బు మాట వచ్చిన చోట మన కాగితం ఊసెత్తకూడదు. బడికి పట్టుకుపోకూడదు. ఇంకోటి, అమ్మాయికి నచ్చింది ఇదే, కాగితం తెలుగులో రాయాలి.

2026 జనవరిలో వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. పద్నాలుగు జట్ల పేర్లు, కోడికాళ్ల అక్షరాల్లో. చికాగో బేర్స్ పక్కన 'ఎలుగుబంటులు' అని రాశాడు. ఎలుగుబంట్లు అని దిద్దాను. ఫిలడెల్ఫియాలో ఫకి పకి మధ్య నలిగిపోయాడు పాపం, అదీ సరిచేశాను. గెలుస్తాయని వాడు టిక్కు పెట్టిన జట్ల జోలికి పోలేదు.

"మరి నీ పిక్స్ తాతా?" అన్నాడు.

"ముందు నీది ఫ్రిజ్‌కి అంటించు. పక్కన ఎవరూ లేనప్పుడు ఫోన్ చెయ్, చెబుతా" అన్నాను.