పరిశోధనకు తొలిమెట్టు

కొత్త విషయం చెప్పాలనే ఉత్సాహం విద్యార్థికి సహజం. అయితే అది నిజంగా కొత్తదో కాదో తేలాలంటే, అంతకుముందు ఎవరెవరు ఏమి చెప్పారో తెలిసి ఉండాలి. ఆ పరిచయాన్ని క్రమబద్ధంగా గ్రంథస్థం చేయడమే పూర్వపరిశోధన సమీక్ష.

నన్నెచోడుని కాలాన్ని గురించి ఒక విద్యార్థి వ్యాసం రాయదలచాడనుకుందాం. ఆ కవి రచించిన 'కుమారసంభవము'ను 1909లో మానవల్లి రామకృష్ణకవి ప్రకటించి, నన్నెచోడుడు నన్నయకు పూర్వుడని ప్రతిపాదించారు. ఆ ఒక్క వాదమే చదివిన విద్యార్థి, తెలుగులో ఆదికవి నన్నెచోడుడేనని నిస్సంకోచంగా రాసివేస్తాడు. కాని ఆ ప్రతిపాదన పెద్ద వివాదాన్ని రేపింది. భాష, ఛందస్సు, శాసనాల ఆధారంగా పలువురు పండితులు ఆ కవి నన్నయకు తరువాతివాడన్నారు. కావ్యప్రామాణికతనే శంకించినవారూ లేకపోలేదు. ఇవేవీ ఎరుగని వ్యాసం, శైలి ఎంత రమ్యమైనదైనా, పునాది లేని గోడ వంటిదే.

మరి ఎక్కడ ఆరంభించాలి? ముందుగా ప్రశ్నను కుదించుకోవాలి. 'నన్నెచోడుని కవిత్వం' అనే విశాలమైన అంశం కన్న 'నన్నెచోడుని కాలనిర్ణయం' అనేది సాధ్యమైన పని. తరువాత చాగంటి శేషయ్య 'ఆంధ్ర కవి తరంగిణి', ఆరుద్ర 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' వంటి సాహిత్యచరిత్రలను చూడాలి. అవి పేర్కొన్న ఆధారాలను పట్టుకొని మూలగ్రంథాలకు, పాత పత్రికల సంపుటాలకు వెళ్లాలి. ఒకరు ఉదహరించిన మాటను మూలంలో సరిచూడకుండా స్వీకరించరాదు.

చదివిన ప్రతి రచనకూ ఒక చీటీ రాసుకోవాలి. రచయిత, గ్రంథం, ముద్రణ సంవత్సరం, పుటసంఖ్య, ప్రధానవాదం, దానికి చూపిన ఆధారం అందులో ఉండాలి. యథాతథంగా ఎత్తి రాసిన వాక్యాలకు ఉద్ధరణ చిహ్నాలు తప్పనిసరి. లేకుంటే కొన్ని నెలల తరువాత ఏది ఎవరి మాటో తెలియక, తెలియకుండానే గ్రంథచౌర్యం జరిగిపోతుంది.

రాసేటప్పుడు 'ఆయన ఇలా అన్నారు, ఈయన అలా అన్నారు' అని వరుసగా పేర్చితే అది పట్టిక అవుతుందే గాని సమీక్ష కాదు. ఒకే వాదాన్ని సమర్థించినవారిని ఒకచోట చేర్చి, ఎదుటి వాదాన్ని దాని పక్కన నిలిపి, ఇరువురి ఆధారాల బలాన్ని తూచాలి. ఎవరూ తృప్తికరంగా సమాధానం చెప్పని ప్రశ్న అక్కడే బయటపడుతుంది. విద్యార్థి పరిశోధన మొదలు కావలసినదీ అక్కడే.

పూర్వులతో విభేదించడం అవిధేయత కాదు. వారి మాటను వక్రీకరించడం మాత్రం అన్యాయం. రామకృష్ణకవి ఆ కావ్యాన్ని వెలికి తీయకుంటే ఆ చర్చకే తావుండేది కాదు. ఆయన వాదాన్ని ఖండించేవారు సైతం ఆయనకు ఋణపడినవారే. ఆ ఋణాన్ని నిజాయితీగా ఒప్పుకోవడమే సమీక్షకు ప్రాణం.