ఉద్దానంలో నీళ్ల గది

పలాస దాటి ఇచ్ఛాపురం వైపు పోతుంటే కుడిచేతి పక్కన సముద్రం దాకా కొబ్బరి, జీడి తోటలే. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... ఉద్దానం అని పిలిచే ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకింతగా వస్తోందో దశాబ్దాలుగా వెతుకుతున్నా తేలలేదు. షుగర్, బీపీ ఎరగని కూలీలకూ కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్లలోని సిలికా అని కొందరు, ఎండలో చెమటోడ్చి ఒంట్లో నీరు ఇంకిపోవడం అని కొందరు, పురుగుమందులని ఇంకొందరు అంటారు. కారణం ఏదైనా, కిడ్నీలు పూర్తిగా పోయాక మిగిలేవి రెండే దారులు: కిడ్నీ మార్పిడి, కాదంటే డయాలసిస్.

ఈ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ డయాలసిస్ కేంద్రానికి వెళ్లాను. నాకు యంత్రాలు చూడాలని ఉంది. టెక్నీషియన్ కుర్రాడు మాత్రం "ముందు ఇటు రండి సార్" అంటూ వెనక గదిలోకి తీసుకెళ్లాడు. మోటార్ల రొద, నిలువెత్తు ట్యాంకులు, తడి నేల. ఇసుక ఫిల్టరు, బొగ్గు ఫిల్టరు, నీటి కాఠిన్యం తీసే సాఫ్ట్‌నర్, చివర ఆర్వో ప్లాంటు. ఇంత హంగామా ఎందుకంటే లెక్క చెప్పాడు. మామూలు మనిషి వారమంతా తాగినా పదిహేను, ఇరవై లీటర్ల నీళ్లు. వాటికైనా పేగులు కాపలా ఉంటాయి. డయాలసిస్‌లో నిమిషానికి అర లీటరు చొప్పున, నాలుగు గంటల్లో ఈ నీళ్లతో కలిపిన 120 లీటర్ల ద్రావణం రక్తం పక్కనే పారుతుంది. మధ్య ఉండేది పలచటి పొర ఒక్కటే. ఆ నీళ్లలో క్లోరిన్ మిగిలితే ఎర్ర కణాలు చితికిపోతాయి. 1970లలో పాశ్చాత్య దేశాల్లో కొన్నిచోట్ల డయాలసిస్ రోగులకు మాట తడబడి, మతి తప్పింది. చివరికి నీళ్లలోని అల్యూమినియమే కారణమని తేలింది.

అందుకే రోజూ మొదటి షిఫ్టుకు ముందు ఇతను క్లోరిన్ పరీక్ష చేస్తాడు. "ఒక మిషను పాడైతే ఒక మంచం ఆగుతుంది సార్. ఆర్వో ఆగితే అందరూ ఇంటికే."

ప్రారంభోత్సవాల ఫొటోల్లో మంచాలు, మిషన్లు కనిపిస్తాయి. బొగ్గు ఫిల్టరు పక్కన నిలబడి ఫొటో దిగిన నాయకుణ్ణి నేనైతే చూడలేదు. ఏ ఊళ్లోనైనా డయాలసిస్ కేంద్రం పెట్టారంటే ఇకమీదట మిషన్లెన్ని అని కాకుండా, ఫిల్టర్లు ఎప్పుడు మార్చారని అడగాలనిపించింది. నీళ్ల మీదే అనుమానం ఉన్న నేల ఇది. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో వంశధార నీళ్లు ఇచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి.

హాల్లోకి వెళ్తే చల్లగా ఉంది. ఒక్కో మంచం పక్కన ఒక్కో మిషను. దానికి తగిలించిన చేతి మందపు ప్లాస్టిక్ గొట్టమే అసలు కిడ్నీ పని చేసేది. అందులో వెంట్రుకల్లాంటి బోలు గొట్టాలు సుమారు పదివేలు. లోపల రక్తం, బయట ద్రావణం, ఎదురెదురు దిశల్లో. 1943లో జర్మనీ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ అనే డాక్టరు, మాంసం కూరి సాసేజీలు చేసే సెల్లోఫేన్ గొట్టాన్ని చెక్క డ్రమ్ముకి చుట్టి దీనికి పూర్వరూపం తయారుచేశాడు. మొదట్లో అతని రోగులు దాదాపు అందరూ చనిపోయారు. 1945లో 67 ఏళ్ల ఆవిడ బతికి బయటపడింది.

కిటికీ పక్క మంచం మీదున్నాయన ఒకప్పుడు కొబ్బరికాయలు దింపేవాడు. ఎడమ మోచేతి కింద నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. వేలు పెట్టి చూడమన్నాడు. లోపల జుమ్మని అదురుతోంది. ధమనినీ సిరనూ కలిపి కుట్టిన ఫిస్టులా అది. దానివల్లే నిమిషానికి పావు లీటరు పైగా రక్తం తీయడం వీలవుతోంది. ఆ అదురు ఆగిందంటే దారి మూసుకుపోయిందన్న మాటే. "ఈ సెయ్యితో బరువెత్తకూడదంట బాబూ. సెట్టెక్కీవోడికి ఒంటి సెయ్యితో ఏటవుతాది?" అన్నాడు. డయాలసిస్ రోగికి ప్రభుత్వం నెలకు ఇచ్చే 10,000 రూపాయల పింఛనుతోనే ఇల్లు నడుస్తోంది.

మిషను చేసేదానికీ హద్దుంది. నిజమైన కిడ్నీ వారంలో 168 గంటలూ పనిచేస్తుంది. వారానికి మూడుసార్లు ఎక్కినా ఇక్కడ దక్కేవి 12 గంటలు. రక్తం పట్టడానికి కిడ్నీ తయారుచేసే హార్మోను మిషను ఇవ్వలేదు, ఇంజెక్షను విడిగా చేయాలి. ఈ జబ్బు చాలాకాలం పైకి కనబడదు. కాళ్లు వాచి, ఆయాసం వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. క్రియాటినిన్ చూసే చిన్న రక్తపరీక్ష ఊళ్లలో ఏటా క్రమంగా జరిగితే కొందరికైనా ఈ మంచం కొన్నేళ్లు వెనక్కి జరుగుతుంది. హాలులోని ఏ మిషను కన్నా ఆ పరీక్షే ఎక్కువ విలువైనదని నా లెక్క.

నాలుగు గంటలయ్యాక సూదులు తీసి, దూది అదిమి, ఆయన్ని కాటా ఎక్కించారు. రెండు కిలోలు తగ్గాడు. అదంతా ఒంట్లో పట్టిన నీరే. మాట సంక్రాంతి మీదికి మళ్లింది. సరిగ్గా పండగ నాడే ఆయన వంతు. బరంపురం నుంచి కూతురు పిల్లల్తో వస్తోందట, మర్నాటికి మార్చమంటాడు. మర్నాడు మంచాల్లేవు, పైగా అంతసేపు ఆగితే నీరు పట్టి ఆయాసమొస్తుందంటాడు టెక్నీషియన్. కాసేపు బేరమాడుకుని ముందురోజు ఆఖరి షిఫ్టుకి ఒప్పుకున్నారు. "ఆ రాత్రికి బస్సుండదు, ఎవరి బండైనా సూసుకోవాలి" అంటూ ఆయన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు.