వీరబాహు వేషం

మా ఊరు జమ్మలమడుగుకు బస్సులో ముక్కాలు గంట. ఊరికి దక్షిణాన మా వాడ. మాదిగోళ్ళం. మా నాయన నాపరాయి గనిలో బండలు తీసే కూలి. మా యమ్మ కలుపుకు, సెనక్కాయ కోతలకు పోయేది. మా అబ్బ పలక కొట్టేవాడు. పెండ్లికి పలక, సావుకు పలక, జాతరకు పలక. ఊరోళ్ళ ఆటలన్నిటికీ చప్పుడు మాది, ఆట మాత్రం వాళ్ళది. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదట. ఇప్పుడు పులివెందుల పక్కన ఒక పల్లెలో సర్కారు బడి అయివారిని.

నేను చెప్పబోయేది వేషం సంగతి.

ఎనిమిదో తరగతిలో ఉండంగా బడి వార్షికోత్సవానికి హరిశ్చంద్ర నాటకం వేయాలనుకున్నారు. హరిశ్చంద్రుడు వీరబాహుకు అమ్ముడుపోయే ఘట్టమూ, కాటి సీనూ. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ఆ నాటకం మా పక్క తెలియనోళ్ళు లేరు. వేషాలు పంచే రోజు అయివారు తరగతంతా చూసి నా మీద చెయ్యి పెట్టినాడు.

‘‘వీరబాహు వీడే. రంగు పూసే ఖర్చు గూడా లేదు.’’

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. నవ్వకపోతే వేషం పోతుందని భయం.

ఇంట్లో చెప్తే మా అబ్బ సంబరపడిపోయినాడు. చెట్టు కొమ్మ కోసి, నున్నగా చెక్కి కాటికాపరి కర్ర చేసిచ్చినాడు. భుజాన ఎట్లా పెట్టుకోవాల్నో, ఎట్లా నడవాల్నో చూపించినాడు. మా యమ్మ కప్పుకునే నల్ల కంబడి ఇచ్చింది. మూడు దినాలు రిహార్సలు నడిచింది. హరిశ్చంద్రుడు ఊర్లో రెడ్డిగారి పిల్లోడు. మంచి గొంతు. నాటకం ప్రకారం వాడు నా ముందర చేతులు కట్టుకోని నిలబడాల, నన్ను దొరా అని పిలవాల. చక్రవర్తి కాటికాపరికి బానిస అయ్యే చోటు గదా అది.

నాలుగో దినం ఆ పిల్లోని నాయన బడికొచ్చినాడు. నేను కిటికీ బయట ఉండాను.

‘‘ఆటే గదా రెడ్డీ’’ అంటాండాడు మా అయివారు.

‘‘ఆటైతే మాత్రం? మా పిల్లోడు మాదిగోని ముందర చేతులు కట్టుకోవాల్నా? రేపు ఊర్లో నవ్వరా?’’

మర్నాటికి వీరబాహు వేషం వాళ్ళ బంధువుల పిల్లోనికి పోయింది. వాడు ఎర్రగా ఉంటాడు. ఆముదంలో దీపం మసి కలిపి మొగానికి పూసినారు. నన్ను తెర లాగమన్నారు. కర్రా, కంబడీ మాత్రం అడిగి తీసుకున్నారు. వాటికి అంటు లేదు.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది గానీ అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైతాంది. నీచమైన వేషం అనుకున్నంత సేపు అది నాది. అదే వేషం ముందర వాళ్ళు వంగాల్సి వచ్చేసరికి నాది కాకుండా పోయింది. మసి పూసుకోవడానికైనా ఒప్పుకున్నారు గానీ మమ్మల్ని మేముగా నిలబడనీలేదు.

ఆ రాత్రి రెడ్డిగారి పిల్లోడు కాటి సీనులో పద్యాలు పాడినాడు. జనం వన్స్‌మోర్ కొట్టినారు. తెర తాడు పట్టుకోని నేనూ విన్నాను. ఆ శ్మశానం పద్యాలు మన గుర్రం జాషువా రాసినవని నాకు డిగ్రీకి వచ్చినాకనే తెలిసింది. మన పద్యం కావాల, మన కర్ర కావాల, మన కంబడి కావాల. మనిషే అక్కర్లేదు.

డిగ్రీ ప్రొద్దుటూరులో, హాస్టల్లో ఉండి చదివినాను. ప్రొద్దుటూరు సినిమా పిచ్చి ఊరు. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఇంద్ర వచ్చినాక తెరంతా సీమే. సుమోలు, బాంబులు, తొడగొట్టుడు. మేమూ ఈలలు వేసినాం. ఈల వేసిన నోటితోనే ఒకనాడు నా స్నేహితుడు అడిగినాడు: ‘‘రేయ్, ఆ సుమోల ఎనక పరిగెత్తి సచ్చేటోళ్ళు ఎవుర్రా? వాళ్ళకు పెండ్లాం బిడ్డలు లేరా?’’ కొడవలి పట్టి పోయేటోళ్ళలో, జైలుకు పోయేటోళ్ళలో మన వాడలోళ్ళూ ఉండారు. పేరు లేకుండా, మాట లేకుండా ఒక్క దెబ్బకు పడిపోయేదే తెర మీద వాళ్ళ పాత్ర.

మా జిల్లాకు సినిమా కొత్త గాదు. మల్లీశ్వరి తీసిన బి.ఎన్. రెడ్డి పుట్టింది పులివెందుల తాలూకా కొత్తపల్లెలో. హాస్యనటుడు పద్మనాభం సింహాద్రిపురమోడు. సీమ మనుషులు మద్రాసు పోయి స్టూడియోలు కట్టినారు. ఆ తెర మీద మా వాడ ఏది?

1938లోనే మాలపిల్ల వచ్చింది గదా అంటారు. వచ్చింది. ఆ కాలానికి ధైర్యమైన సినిమానే. కథ చలానిది, తీసింది గూడవల్లి రామబ్రహ్మం, నాయిక వేషం కాంచనమాలది. మన మీద జాలి పడినారు, మన తరఫున మాట్లాడినారు. మమ్మల్ని మాట్లాడనీలేదు. ఇంకా వెనక్కి పోతే 1915-16 నాటికే జాషువా రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ, మాటలు చదివి వినిపించే ఉద్యోగం చేసినాడు. అంటే సినిమాకు మాటలు రాకముందే మన గొంతు దాని పక్కన ఉంది. ముఖమే లేదు.

ముఖం చూపిస్తే ఏమైతుందో కేరళలో చూసినారు. మలయాళ సినిమా మొదటి నాయిక పి.కె. రోసీ దళిత స్త్రీ. జె.సి. డేనియల్ తీసిన విగతకుమారన్‌లో నాయర్ స్త్రీ వేషం వేసిందని సవర్ణులు కొట్లాటకొచ్చినారు. ఆమె ఊరు విడిచి తమిళదేశం పారిపోయింది. మా ఊర్లో నాకు జరిగింది దాని ముందర ఎంత?

అయినా మనోళ్ళు ఆగలేదు. రాళ్ళు కొట్టే వడార్ కులంలో పుట్టిన నాగరాజ్ మంజుళే 2013లో మరాఠీలో ఫాండ్రీ తీసినాడు. అంతకు ముందు ఎప్పుడూ నటించని పల్లె పిల్లోన్ని నాయకున్ని చేసినాడు. చివర్లో ఆ పిల్లోడు విసిరిన రాయి నేరుగా చూసేవాని మొగానికే వస్తాది. తమిళంలో పా. రంజిత్, మారి సెల్వరాజ్ తమ వాడల కథలు తామే చెప్తాండారు. తెలుగులో కరుణ కుమార్ పలాస 1978 వచ్చింది 2020లో. మాలపిల్లకూ దానికీ నడుమ 82 ఏండ్లు.

నన్ను బాగా కదిలించింది మాత్రం అమెరికా సినిమా. సాల్ట్ ఆఫ్ ది ఎర్త్, 1954. న్యూమెక్సికోలో జింకు గనుల్లో పనిచేసే లాటినో కూలీల సమ్మె కథ. నిజంగా సమ్మె చేసినోళ్ళే చాలామంది అందులో నటించినారు. నాయకుని వేషం అక్కడి యూనియన్ అధ్యక్షుడు హువాన్ చకోన్‌ది. సమ్మె చేసే గని కూలీలు పికెటింగ్ చేయగూడదని కోర్టు ఆర్డరిస్తే ఆడోళ్ళు వచ్చి నిలబడతారు. ఆ కాలంలో చాలా హాళ్ళు ఆ సినిమా వేయనియ్యలేదు. యూట్యూబులో చూస్తాంటే మా నాయన గుర్తొచ్చినాడు. దుమ్ము కొట్టుకున్న రెప్పలు, పగిలిన చేతులు. ఆ చేతులకు ఏ మేకప్పు మనిషీ మసి పూయాల్సిన పని లేదు.

ఇంక నా తప్పు చెప్పాల.

పోయినేడు మా బళ్ళో పిల్లోళ్ళతో సెల్‌ఫోన్లో చిన్న సినిమా తీద్దామనుకున్నాను. బడిలో ఒకరోజు, అంతే కథ. వేషాలు పంచినాను. హెడ్మాస్టరు, కలెక్టరు, ఊడ్చే ఆమె. మా వాడ లాంటి వాడ నుంచి వచ్చే ఏడో తరగతి పిల్ల చేతికి చీపురిచ్చినాను. ఆ పిల్ల చీపురు చూసింది, నన్ను చూసింది.

‘‘మళ్ళా నాకేనా సార్?’’

నాకు నోట మాట రాలేదు. అంబేద్కర్ పటం పెట్టుకున్న తరగతి గదిలో, నేను, మాదిగోన్ని, మా అయివారు చేసిన పనే చేసినాను. ఆ పిల్ల రంగు చూసి చేసినానో, ఇల్లు చూసి చేసినానో నాకే తెలీదు. మన కండ్లు గూడా మనవి గావు, వాళ్ళు పెట్టిన కండ్లే.

మర్నాడు చీట్లు వేసినాం. ఆ పిల్లకు కలెక్టరు వచ్చింది. చీపురు ఊర్లో పెద్దింటి పిల్లోనికి వచ్చింది. వాడు సంతోషంగానే పట్టుకున్నాడు. మూడో దినం వాని నాయన వచ్చినాడు. ఈసారి నేను కిటికీ బయట లేను, లోపల కుర్చీలో ఉండాను.

‘‘ఆటే గదన్నా’’ అన్నాను.

‘‘ఆటైనా సరే, మార్చు సారూ.’’

‘‘మార్చను. చీటీలో వచ్చింది.’’

పిల్లోడు షూటింగుకు రాలేదు. రెండు వారాలు బడికీ రాలేదు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. ఒకర్ని నిలబెట్టబోయి ఇంకొకని చదువు చెడగొడతాండానా అని. తర్వాత వచ్చినాడు. ఎనక బెంచీలో కూర్చున్నాడు.

సినిమా ఏడు నిమిషాలొచ్చింది. గాలి చప్పుడుకు సగం మాటలు వినపడవు. మా యమ్మకు చూపించినాను. కలెక్టరు పిల్లను చూసి ‘‘ఎవురి పిల్ల రా?’’ అనింది. ‘‘మన పిల్లే మా’’ అన్నాను. మళ్ళీ వేయమనింది. మూడుసార్లు చూసింది.

ఫోను ఇప్పుడు అందరి చేతుల్లో ఉంది. హాళ్ళు మనవి గావు, డబ్బు మనది గాదు. నిజమే. కానీ ఎవరికి ఏ వేషం అని పంచే చేయి ముందు మన బళ్ళలో, మన వాడల్లో మారాల. మొదలు నా చేయి మారాల.

ఈ యేడు వార్షికోత్సవానికి హరిశ్చంద్ర వేయాలని ఉంది. వీరబాహు వేషానికి చీట్లు వేస్తాం. ఎవరికి వచ్చినా మసి పూయం.